పదకొండో మెట్టు మీద కాలెయ్యని ఊరు

పొద్దున రేవు మెట్లు దిగారు కదర్రా అందరూ. పదో మెట్టు దాకా గంతులేసుకుంటూ వెళ్ళి, అక్కడ ఠక్కున కాలు చాపి పన్నెండో దాని మీద వేశారు. ఇంకా మాటలు సరిగ్గా రాని ఆ చిన్నది కూడా అంతే వేసింది. ఎందుకలా వేశావే అంటే తెల్లమొహం. ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్కరైనా అడిగారా, ఈ కాలు చాపడం మాకెవరు నేర్పారు అని? ఫోనులో ప్రపంచమంతా గాలిస్తారు, కాలికింద ఏముందో మాత్రం మీకు అక్కర్లేదు. మీ తాతకి మేనత్త ఒకావిడ ఉండేదనీ, ఆవిడ ఫొటో వంటింటి తలుపు వెనకాలే ఉందనీ ఎవరికైనా తెలుసా? దాని మీద క్యాలెండరు తగిలించారు, మహానుభావులు. ముందు ఆ క్యాలెండరు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు కూర్చుని రాసుకోండి. మధ్యలో లేచారంటే ఊరుకునేది లేదు.

ఆవిడ ఈ ఊరొచ్చేనాటికి దీనికి రోడ్డే లేదు. ఉన్నది ఒకటే వీధి, నీళ్ళ వెంబడి. ప్రతి ఇంటికీ రెండు గుమ్మాలు. నీళ్ళవైపుది వీధి గుమ్మం, మట్టివైపుది పెరటి గుమ్మం. అయినవాళ్ళంతా నీళ్ళవైపు నుంచే వచ్చేవాళ్ళు. పెరటివైపు నుంచి తలుపు చప్పుడైతే పన్ను అడగడానికి వచ్చినవాడే అయ్యుండాలి, ఎవరూ గబుక్కున తీసేవాళ్ళు కాదు. ఊరి ఆ చివర పడవలు కట్టే షెడ్డు, ఈ చివర సరుకు గోడౌను, మధ్యలో రేవు. పొద్దస్తమానం తారు వాసన. ఎవరి ఒంటి మీద తారు మరక లేకపోతే వాళ్ళు పని చెయ్యని మనుషుల కింద లెక్క.

నీళ్ళకి అవతలి ఒడ్డున పట్నం. పట్నానికి వెళ్ళాలన్నా, పట్నం నుంచి రావాలన్నా లాంచీ ఎక్కాల్సిందే. ఆ లాంచీ ఆగేది ఈ మెట్ల దగ్గర. ఇరవై రెండు రాతి మెట్లు. రోజుకి రెండుసార్లు నీరు పొంగి ఆరో మెట్టు దాకా వచ్చేది, రెండుసార్లు తీసి కిందికి పోయేది. నీళ్ళలో నానే మెట్లకి పాచి పట్టకుండా ఉంటుందా? రెండు రోజులు వదిలేస్తే సబ్బు రాసినట్టు జారేవి. అందుకని లాంచీ కంపెనీవాళ్ళు ఆ పాచి గీకడానికి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషే ఈవిడ. అప్పటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. చేతిలో ఒక బకెట్టు, ఇసుక, ఇనప తీగల బ్రష్షు. నీరు ఎప్పుడు తీస్తే అప్పుడు పని. పొద్దున తీస్తే పొద్దున, మిట్టమధ్యాహ్నం తీస్తే మిట్టమధ్యాహ్నం. ఆవిడ బతుకంతా గడియారం చూసి కాదు, నీళ్ళు చూసి నడిచింది.

లాంచీ మీద తాడు విసిరే ఆయన ఒకడుండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒడ్డున ఉన్న ఇనప గుంజకి తాడు వెయ్యడం ఆయన పని. మొదటి విసురు ఏనాడూ గుంజకి తగల్లేదు, రెండోది ఏనాడూ తప్పలేదు. ఒకరోజు ఆ మొదటి విసురు సరిగ్గా వచ్చి ఈవిడ బకెట్టుకి తగిలింది. బకెట్టు ఎగిరి నీళ్ళలో పడి, బుడుంగున మునిగిపోయింది.

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అంది కింద నుంచి.

"బకెట్టు కొనిస్తానండీ" అన్నాడాయన, లాంచీ మీద అంతమంది చూస్తుంటే చెవులు ఎర్రబడిపోయి.

"బకెట్టు ఒక్కటేనా? అందులో బ్రష్షు కూడా ఉంది."

మర్నాడు బకెట్టు తెచ్చాడు, బ్రష్షు మర్చిపోయాడు. ఆ మర్నాడు బ్రష్షు తెచ్చాడు. మూడోనాడు తేవడానికి ఏమీ లేదు, అయినా లాంచీ దిగి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళేం మర్చిపోయావు?"

"ఏమీ లేదండీ."

"మరి?"

"అదే..." అన్నాడు. అంతకుమించి ఆయన నోట్లోంచి రాలేదు. ఆవిడకి అది చాలింది. ఆ ఏడే పెళ్ళయింది. తర్వాత కూడా ఆయన మొదటి విసురు గుంజకి తగిలింది లేదు.

ఇక ఆ పదకొండో మెట్టు సంగతి. ఒకసారి గోడౌను కోసం బండరాళ్ళు మోసుకొస్తున్న పడవ అదుపు తప్పి వచ్చి మెట్లని గుద్దింది. మిగతావి నిలిచాయి, పదకొండోది ఊడి ముక్కలై కొట్టుకుపోయింది. అక్కడ రాయి లేదు, బొక్కే మిగిలింది. బాగుచేయిస్తాం అంది కంపెనీ. ఆ ఏడు కాదు, పై ఏడు అంది. పై ఏడు కూడా అదే మాట. ఊరు ఎన్నాళ్ళు చూస్తుంది? మెట్లు ఎత్తూ తక్కువే, వెడల్పూ తక్కువే. పదో దాని మీంచి కాస్త కాలు చాపితే పన్నెండోది అందుతుంది. అందరూ చాపడం మొదలుపెట్టారు. చంకలో పిల్ల, నెత్తి మీద బుట్ట, కబుర్లలో నోరు, అయినా కాలు మాత్రం దాని పని అది చేసుకుపోయేది. ఈ ఊళ్ళో పిల్లలకి నడక రావడమూ కాలు చాపడమూ ఒకేసారి వచ్చేవి.

చిక్కల్లా పై ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళతోనే. నీళ్ళు సగం పొంగి ఉన్నప్పుడు ఆ బొక్క సరిగ్గా నీళ్ళ అంచుకింద దాక్కుని ఉంటుంది, కనబడదు. అందుకని కొత్త మొహం మెట్ల మీద కనిపిస్తే చాలు, ఈవిడ బ్రష్షు ఆపి గొంతెత్తేది. "పదకొండు లేదూ! కాలు చాపూ!" ఆ కేక అవతలి ఒడ్డుదాకా వినబడేదంటారు. అదైతే అబద్ధమే కానీ, పడవల షెడ్డు దాకా మాత్రం వినబడేది. దాంతో ఆవిడ పేరే పదకొండత్త అయిపోయింది. వరసకి చెల్లెలయ్యేవాళ్ళు కూడా పదకొండత్తా అనే పిలిచేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆవిడకి ఏభై దగ్గరపడుతుండగా నీళ్ళ మీద వంతెన పడింది. లాంచీ ఆగిపోయింది. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకి చదువు రాదు, మొగుడు, అదే మన తాళ్ళాయన, చదివి వినిపించాడు.

"రేపట్నుంచి నిన్ను పనిలోకి రావద్దన్నారు" అన్నాడు.

"పాచిని కూడా రావద్దన్నారా?"

"దాని గురించి ఏమీ రాయలేదు."

"అయితే నేనెందుకు ఆగాలి?"

మర్నాడు నీరు తీసే వేళకి బకెట్టు పట్టుకుని వెళ్ళింది. జీతం లేదు, అడిగేవాడు లేడు. కానీ మెట్లు ఉన్నాయి. పడవలవాళ్ళు దిగుతున్నారు, వలలవాళ్ళు దిగుతున్నారు, ఆదివారం గాలి పీల్చుకోవడానికి పట్నంవాళ్ళు దిగుతున్నారు. ఆవిడ గీకిన మెట్ల మీద ఏనాడూ మనిషి జారి పడలేదు. ఇంకెవరికో నగలుంటాయి, చదువులుంటాయి. ఈవిడకి ఉన్నది ఆ ఒక్క మాటే.

వంతెన వెనకాలే పట్నం కూడా నడిచొచ్చింది. ఊరిని మున్సిపాలిటీలో కలిపేశారు. మట్టివైపు రోడ్డు పడింది, బస్సు వచ్చింది. పాత ఇళ్ళు కొనుక్కుని పట్నంవాళ్ళు గోడకి గోడంత కిటికీలు పెట్టుకున్నారు, నీళ్ళు చూడ్డానికట. చూసే నీళ్ళు కావాలి, తారు వాసన మాత్రం వద్దు. పెరటి గుమ్మం వీధి గుమ్మమైంది, వీధి గుమ్మం పెరడైంది. ఊరు మొహం తిప్పేసుకుని కూర్చున్నట్టే ఉండేది. నీళ్ళవైపు మిగిలిన వాకిలి ఈ మెట్లు ఒక్కటే.

ఆవిడకి ఏభై ఎనిమిదేళ్ళప్పుడు, అక్కకి కంటి ఆపరేషన్ అయిందంటే అవతలి ఒడ్డుకి వెళ్ళింది. ఒక్కటంటే ఒక్కరోజు. ఆ ఒక్కరోజే, అందరికంటే పెద్ద కిటికీలున్న ఇంటాయన కొత్త బూట్లేసుకుని మెట్లు దిగాడు. సగం పొంగిన నీరు. కేకేసే మనిషి లేదు. పదకొండులో కాలు పెట్టాడు, మడమ విరిగింది. మంచంలో పడుకునే మున్సిపాలిటీకి ఉత్తరం రాశాడు.

తిరిగొచ్చి ఆ సంగతి వింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ కిటికీలాయన ఇంటికి వెళ్ళింది.

"తప్పు నాది బాబూ."

"మీదేంటమ్మా? అక్కడ మెట్టు లేదు" అన్నాడు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని.

"మెట్టు లేక ముప్ఫై ఏళ్ళు దాటింది. మొన్న లేనిది నేను."

ఆయన మెత్తబడ్డాడు పాపం, ఉత్తరం రాయకుండా ఉండాల్సింది అన్నాడు. కానీ ఉత్తరం వెళ్ళిపోయింది. నాలుగు రోజులకి రేవు దగ్గర కాగితం అంటించారు. మెట్లు ప్రమాదకరంగా ఉన్నాయి కనుక ఇంజినీరు వచ్చి చూస్తారు, అవసరమైతే అడ్డంగా గోడ కట్టేస్తారు అని. అది చదివించుకున్నాక ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. గోడ కట్టేస్తే పడవ ఎక్కడ ఆగుతుంది? వల ఎక్కడ కడుగుతారు? తను ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది?

ఊరంతా షెడ్డులో కూర్చుని ఆలోచించారు. లాంచీ నడిపిన సరంగు పెద్ద గొంతువాడు, ఊరికి పెద్ద. ఆయన తేల్చేశాడు. "లేని మెట్టు గురించే కదా గొడవ? మెట్టు పెట్టేస్తే సరి."

"వద్దు" అంది పదకొండత్త.

"ఏం, ఎందుకొద్దు? మీ మరిదే కదా తాపీమేస్త్రీ. గోడౌను కూలగొట్టిన రాళ్ళు బోలెడున్నాయి."

"మరిది రాయి సరిగ్గానే పెడతాడు సరంగు బావా. మన కాళ్ళే సరిగ్గా లేవు."

అందరూ నవ్వారు. మెట్టు ఊడిపోతే పేరు కూడా ఊడిపోతుందని నీకు దిగులు అన్నాడు సరంగు. ఆవిడ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఇంజినీరు రేపు వస్తాడనగా, సాయంత్రం నీరు తీసినప్పుడు మరిది రాయి చెక్కి, సిమెంటు పోసి, మట్టంగా కూర్చోబెట్టాడు. అందంగానే కుదిరింది, కాదనకూడదు. ఆ వెంటనే నీరు పొంగింది. దాని మీద ఎవరూ నడిచి చూడలేదు.

పొద్దున్నే మళ్ళీ నీరు తీసింది. ఇంజినీరు వచ్చాడు, చంకలో ఫైలు పెట్టుకుని వెంట ఒక గుమాస్తా. ఊరంతా ఉతికిన బట్టలేసుకుని నిలబడ్డారు. సరంగు ముందు నడిచాడు, మొహం ఇంజినీరు వైపు తిప్పుకుని.

"చూడండి సార్, ఎంత గట్టి మెట్లో. ఏనుగుని నడిపించినా..."

ఏనుగు దాకా అక్కర్లేకపోయింది. పదో మెట్టు మీంచి ఆయన కాలు అలవాటుగా చాచుకుంది. మడమ కొత్త రాయి అంచుకి తగిలి, సరంగు దబ్బున వెళ్ళి నీళ్ళలో కూర్చున్నాడు. ఆయన్ని లేపడానికి వెళ్ళిన షెడ్డు మేస్త్రీ కూడా చాపాడు, పడ్డాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని పడ్డారు. రాయి పెట్టిన మరిదే, తన చేత్తో పెట్టినవాడే, "అయ్యో వదినా, రాయి!" అంటూ పడ్డాడు. తాళ్ళాయన ఏమీ అనకుండా పడ్డాడు.

"పదకొండు ఉందర్రా! ఇవాళ పదకొండు ఉంది!" అని అరుచుకుంటూ పై నుంచి పరిగెత్తుకొచ్చింది పదకొండత్త. నోరు ఉంది అంటోంది, కాలు లేదు అనుకుంది. ఆవిడా పడింది. ఆ మెట్ల మీద ఆవిడ పడడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇంజినీరూ గుమాస్తా మాత్రం ఒక్కొక్క మెట్టే దిగి, పొడి బట్టలతో వాళ్ళ పక్కకి వచ్చి నిలబడ్డారు. గుమాస్తా నవ్వు ఆపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంత మంచి మెట్టు మీద ఇంతమంది పడ్డారంటే నేనేం చెయ్యనమ్మా? మూసెయ్యాల్సిందే" అని ఇంజినీరు జేబులోంచి కలం తీశాడు.

ఆవిడ మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. అది చూసుకోనేలేదు. "ఆ కలం ఒక్క అరగంట జేబులో పెట్టు బాబూ. మరిదీ, గునపం తీసుకురా."

"నిన్న నా చేత్తో పెట్టింది ఇవాళ నా చేత్తోనే తియ్యాలా వదినా?"

"నీ కాలితో తీద్దామనే చూశావుగా, రాలేదు. గునపం పట్రా."

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు పోట్లకి రాయి కదిలింది. నలుగురు పట్టి ఒడ్డుకి ఎక్కించారు. మళ్ళీ బొక్క. అప్పుడు ఆవిడ వలలు బాగుచేసే ముసలాయన్ని ముందుకి పిలిచింది. ఆయనకి రెండు కళ్ళకీ పొరలు, ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకే.

"దిగు బాబాయ్."

ఆయన చేతికర్ర కూడా తీసుకోకుండా, దారం రేట్ల గురించి ఎవరినో తిట్టుకుంటూ దిగాడు. పదో మెట్టు, కాలు చాచాడు, పన్నెండు. చివరిదాకా వెళ్ళి, తిట్టు ఆపకుండానే పైకి వచ్చాడు. తర్వాత సరంగు దిగాడు, తడి బట్టలు కారుతూ. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగారు. పిల్లలు పందెం వేసుకుని వెనక్కి నడుస్తూ దిగారు. ఊరంతా దిగి ఎక్కింది. కాలు తడబడిన మనిషి లేడు.

"ఇప్పుడు నువ్వు" అంది ఇంజినీరుతో.

ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. ఒక్కొక్కటే దిగుతున్నాడు. పదో దాని మీదికి రాగానే కింద నుంచి కేక. "పదకొండు లేదూ! కాలు చాపూ!" ఆ గొంతుకి ఆయన కాలు దానంతటదే చాచుకుని పన్నెండు మీద పడింది.

"పడ్డావా?"

"లేదమ్మా."

"పడవు."

ఆయన వంగి మెట్టుని అరచేత్తో రుద్ది చూశాడు. గరుగ్గా ఉంది, పాచి ఆనవాలే లేదు. "మెట్టు పెడితే పడతారు, తీస్తే పడరు. దీన్ని ఆఫీసులో ఏమని రాయను?"

"చూసింది రాయి. నాకంటే రాయడం రాదు, నీకొచ్చుగా."

రాశాడు. గుమాస్తా పైకి చదివి వినిపించాడు. మెట్ల దగ్గర హెచ్చరించే మనిషి ఉన్నంతకాలం మెట్లు తెరిచే ఉండవచ్చు, మనిషి లేని రోజున మూసివేయాలి.

"మనిషంటే?" అంది.

"మీరే" అన్నాడు ఇంజినీరు.

ఊడదీసిన ఆ రాయిని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మెట్ల పైన పక్కగా వేయించుకుని దాని మీద కూర్చుంది ఆవిడ. మర్నాటి నుంచి అదే ఆవిడ చోటు. నీరు తీస్తే కిందికెళ్ళి గీకడం, పొంగితే పైకొచ్చి కేకెయ్యడం. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని కూర్చునేది. వానొస్తే తాళ్ళాయన గొడుగు పట్టేవాడు, ఆవిడ తడవకుండా తను తడుస్తూ. ఆయన పోయిన రోజున మాత్రం రాలేదు. ఆ రోజు సరంగు ఆయన పాత తాడే తెచ్చి మెట్లకి అడ్డంగా కట్టాడు. గుంజకి మొదటి విసురులోనే పడింది తాడు. ఊళ్ళో ఒక్కరూ నీళ్ళలోకి దిగలేదు.

కిటికీలాయన కాలు ఎప్పటికీ కాస్త ఎగుడుదిగుడుగానే ఉండిపోయింది. ఆయనే ఒకరోజు ఇంట్లోంచి మెత్తటి కుర్చీ మోసుకొచ్చాడు. నా రాయి నాకు బాగానే ఉంది, కుర్చీలో నువ్వు కూర్చో అంది. కూర్చున్నాడు. అది అలవాటైంది. ఆవిడ అన్నం తినడానికి వెళ్ళినప్పుడు ఆయనే కేకేసేవాడు, మొహమాటంగా.

"అదేం కేక? పిల్లిని పాలకి పిలిచినట్టు. పొట్టలోంచి రావాలి బాబూ."

"మా ఇంట్లో ఇంత గట్టిగా ఎవరూ అరవరమ్మా."

"అందుకే కాలు విరిగింది."

ఎనభై దాటాక ఆవిడకి ఒకటే బెంగ. కాగితంలో ఉన్నది మనిషి అనే కదా, తను పోతే ఆ మనిషి ఎవరని. బయటికి అనేది కాదు. ఇంకో బ్రష్షు మాత్రం కొనిపెట్టుకుంది. పాతది అరగలేదు, అయినా సరే.

ఒక చలికాలం ఆవిడకి గొంతు పోయింది. గాలి తప్ప మాట రాదు. అయినా వెళ్ళి రాయి మీద కూర్చుంది. కిటికీలాయన ఆ రోజు ఊళ్ళో లేడు. సగం పొంగిన నీరు. పట్నం నుంచి వచ్చిన ఆడపిల్లలు నలుగురు, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకుని, కిలకిలమంటూ మెట్లు దిగుతున్నారు. ఏడు, ఎనిమిది. ఆవిడ లేచి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చేతులు ఊపింది. వాళ్ళు వెనక్కి తిరిగితే కదా. తొమ్మిది, పది.

"పదకొండు లేదూ! కాలు చాపూ!"

పక్కింటి వంటింటి కిటికీలోంచి వచ్చిందది. ఆ మాట పూర్తి కాకముందే మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ అందుకుంది. వలల ముసలాయన మనవడు అరిచాడు, షెడ్డులోంచి ఇద్దరు అరిచారు, మా నీళ్ళవైపు గుమ్మంలోంచి చేతిలో గరిటెతో నేనూ అరిచాను. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఏళ్ళ తరబడి మూసుకుపోయిన నీళ్ళవైపు తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడపిల్లలు హడలిపోయి నలుగురూ ఒకేసారి కాళ్ళు చాపారు. పన్నెండు మీద దిగారు.

ఆవిడ ఒక్కసారి వీధి వెంబడి అందర్నీ చూసింది. బకెట్టు బోర్లించి రాయి పక్కన పెట్టింది. ఇంటికెళ్ళి, మధ్యాహ్నం పూట పడుకుంది. ఊరొచ్చాక ఆవిడ పగలు నిద్రపోవడం అదే మొదటిసారి.

ఆ చలికాలం ఆవిడ దాటలేదు. మెట్లు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి, గీకడానికీ కేకెయ్యడానికీ రోజుకో ఇంటి వంతు. ఆ రెండో బ్రష్షు మన ఇంట్లోనే ఉంది, మంగళవారం మన వంతు, రేపే మంగళవారం, అదీ రాసుకోండి.

పోయేనాటికి ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు.